దావోలో చూసిన క్రిస్ నిజంగా 200 ఏళ్ల నాటిదేనా? ఫిలిప్పీన్స్ కత్తుల వయసు పోల్చుకోవడం గురించి

మీ అమ్మాయి దావోలో మెడిసిన్ చదువుతోందనీ, అక్కడ పాత వస్తువులు అమ్మే దుకాణంలో క్రిస్ అనే ఒక వంకుల కత్తి చూసి మీకు ఫొటోలు పంపిందనీ రాశారు. అది సుల్తానుల కాలం నాటిదనీ, 200 ఏళ్ల పైమాటేననీ దుకాణదారు చెప్పాడు. 35 వేల పెసోలు అడుగుతున్నాడు. కొనాలని మీకు మనసులో ఉంది, కానీ అంత డబ్బు పెట్టాక కొత్తదని తేలితే ఎలా అన్న టెన్షన్ కూడా ఉంది. పాతదో కొత్తదో ఎలా పోల్చుకోవాలని అడిగారు.

నేను ఉద్యోగం మీద దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని జాంబోవాంగాలోనూ దావోలోనూ కలిపి పదకొండేళ్లు ఉన్నాను. ఈ కత్తుల మీద ఇష్టం అక్కడే మొదలైంది. అప్పటి నుంచి కొన్ని కొన్నాను, చాలా చూశాను, ఇంకా చూస్తూనే ఉన్నాను. కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ముందు మీ కత్తి సంగతి. మీరు పెట్టిన ఐదు ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఆ క్రిస్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తయారైనదని నా అభిప్రాయం. 200 ఏళ్ల మాట నమ్మకండి, ఆ ధర పెట్టకండి. కానీ మూడో ఫొటోలో దాని వెనకాల గోడకు ఆనించి ఇంకో కత్తి కనిపిస్తోంది. ఆకు ఆకారంలో పొట్టిగా, నల్లగా, ఒర కూడా లేకుండా ఉంది. దాని గురించి మీరు ఏమీ అడగలేదు. నాకు మాత్రం ఆ దుకాణంలో చూడాల్సిన వస్తువు అదే అనిపించింది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మనవాళ్లకు క్రిస్ అనగానే జావా, బాలీ గుర్తొస్తాయి. అక్కడిది పొడవడానికి వాడే సన్నటి బాకు. దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని మిందనావో, సులు దీవుల ముస్లిం జాతులను కలిపి మోరోలు అంటారు. టౌసుగ్, మగిందనావో, మరనావో, యాకన్ మొదలైన వాళ్లంతా ఇందులోకి వస్తారు. వాళ్ల క్రిస్ పెద్దది, రెండు వైపులా పదును ఉన్నది, నరకడానికి పనికొచ్చే నిజమైన యుద్ధ ఖడ్గం. కొన్నింటికి వంకులు ఉంటాయి, కొన్ని తిన్నగా ఉంటాయి, కొన్ని సగం దాకా వంకులు తిరిగి తర్వాత తిన్నగా సాగుతాయి. వంకులు లేకపోతే క్రిస్ కాదని మన దగ్గర కొందరు అనుకుంటారు, అది పొరపాటు. అన్ని కత్తులనూ ఒకే కొలతతో చూడలేం కాబట్టి ముందు మీ క్రిస్‌తోనే మొదలుపెడతాను.

క్రిస్ అలుగు, అంటే పిడి కాక మిగిలిన లోహపు భాగం, పిడి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఆ వెడల్పాటి పైభాగాన్ని గాంగ్యా అంటారు. పాత క్రిస్‌లో ఇది విడిగా చేసి, అలుగు తోక (పిడిలోకి దిగే సన్నటి భాగం) మీదుగా తొడిగి బిగించిన ముక్క. ఆ రెండూ కలిసే చోట వెంట్రుకంత సన్నటి అతుకు కనిపిస్తుంది. మంచి కమ్మరి చేసినదైతే గోరు పెట్టి రాసినా తగలదు. సుమారు 1930ల నుంచి ఈ శ్రమ తగ్గిపోయింది. అలుగునూ గాంగ్యానూ ఒకే ఇనుప ముక్కలో చేసి, అతుకు ఉన్నట్టు కనిపించేలా ఒక గీత గీయడం మొదలైంది. అందుకే క్రిస్ చేతికి రాగానే తెలిసినవాళ్లు ముందు చూసేది ఇదే. అతుకు నిజమైనదైతే అది అలుగు రెండు ముఖాల మీదే కాక సన్నటి అంచుల మీదుగా కూడా చుట్టూ తిరిగి వస్తుంది. గీత అయితే ముఖం మీద ఉంటుంది, అంచు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. మీ రెండో ఫొటోలో సరిగ్గా అదే జరిగింది. గీత అంచుకు బియ్యపు గింజంత దూరంలో ఆగిపోయింది చూడండి.

నిజమైన అతుకు ఉన్నవాటిలోనూ తేడాలు ఉంటాయి. అది ఆ చివర నుంచి ఈ చివరకు తిన్నగా సాగితే మరింత పాత పద్ధతి కింద లెక్క. చాలాదూరం తిన్నగా వచ్చి చివర్లో ఒక పక్కకు 45 డిగ్రీలు వంగితే 19వ శతాబ్దం నాటి అలవాటు అంటారు. ఇది పంచాంగం చూసినట్టు పక్కాగా చెప్పే లెక్క కాదు. ఊరిని బట్టి, కమ్మరిని బట్టి మారుతుంది. కానీ గీత మాత్రమే ఉన్న క్రిస్‌ను 200 ఏళ్ల నాటిదని అమ్మడానికి మాత్రం వీల్లేదు.

గాంగ్యాకు ఒక పక్కన ఏనుగు తొండంలా వంపు తిరిగిన చెక్కడం ఉంటుంది. కొందరు దాన్ని తెరిచిన పక్షి ముక్కు అంటారు. పాతవాటిలో ఆ సందును ఆకురాయితో ఓపికగా లోతుగా తీసి ఉంటారు. లోపలి మూల కూడా శుభ్రంగా ఉంటుంది. పర్యాటకుల కోసం చేసినవాటిలో డ్రిల్లుతో ఒక చిల్లు వేసి, దాని దాకా రంపంతో కోసేస్తారు. చిల్లు గుండ్రంగా, కోత తిన్నగా తెలిసిపోతాయి. మీ ఫొటోలో అంత దగ్గరగా కనిపించడం లేదు, అమ్మాయిని దగ్గర నుంచి ఒక ఫొటో తీయమనండి.

రెండో పరీక్ష మందం. నాకు ఇది నేర్పింది ఒక టౌసుగ్ పెద్దాయన, నాకు ఎదురైన నష్టం తర్వాత. జాంబోవాంగాకు వెళ్లిన రెండో ఏడు ఒక దుకాణంలో కంపిలాన్ కొన్నాను. కంపిలాన్ అంటే మగిందనావో, మరనావో యోధుల పొడవాటి ఖడ్గం. ఒకవైపే పదును ఉంటుంది, పిడి నుంచి మొన వైపు వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది, మొన దగ్గర చిన్న ముల్లు పొడుచుకుని ఉంటుంది, పిడి చివర నోరు తెరిచిన జంతువులా రెండుగా చీలి ఉంటుంది. స్పెయిన్ సైనికులతో పోరాడిన కత్తి అని చెప్పి అమ్మారు. నెల జీతంలో సగం పోసి తెచ్చుకున్నాను. వానాకాలం వచ్చేసరికి పిడి కదలడం మొదలైంది, ఒక రోజు చేతిలోకి ఊడి వచ్చింది. లోపల తెల్లటి ఎపాక్సీ జిగురు, దానికి అంటుకున్న ప్లాస్టిక్ కవరు ముక్క కనిపించాయి. చాలా బాధపడ్డాను. మా ఆఫీసులో పనిచేసే ఒకతని మామగారు ఈ కత్తులు తెలిసిన మనిషి అంటే ఆయనకు చూపించాను. ఆయన పిడి వైపు చూడనే లేదు. అలుగు వెన్ను మీద బొటనవేలు, చూపుడువేలు పెట్టి పిడి నుంచి మొన దాకా నెమ్మదిగా లాగారు. ఇది కొలిమి చూడలేదు, రేకు కోసి చేశారు అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో కత్తి కావలసి వచ్చింది. ఆయన తన తండ్రి బారోంగ్ (ఆకు ఆకారపు కత్తి) తెచ్చి అదే విధంగా పట్టుకోమన్నారు. పిడి దగ్గర వెన్ను మందంగా ఉంది. వేళ్లు ముందుకు జరిగేకొద్దీ ఆ మందం కొద్దికొద్దిగా కరిగిపోతూ మొన దగ్గర కాగితంలా పలచబడింది. సుత్తితో సాగదీసి చేసిన అలుగు అలాగే ఉంటుంది. బరువు చేతి దగ్గర ఉండాలి, మొన తేలికగా తిరగాలి. దానితో బతికినవాడికి ఆ తేడా ప్రాణం మీదికి వచ్చే విషయం కాబట్టి కమ్మరి దాన్ని ఎప్పుడూ వదలడు. ఫ్యాక్టరీ రేకును కోసి, అంచులు అరగదీసిన కత్తికి మొదలు నుంచి మొన దాకా ఒకటే మందం. గోడకు తగిలించేవాడు దాన్ని తిప్పి చూడడు కాబట్టి చేసేవాడికీ ఆ అవసరం కనిపించదు.

అమ్మాయికి ఒక వెర్నియర్ కాలిపర్ కొనుక్కోమని చెప్పండి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. పిడి దగ్గర, మధ్యలో, మొనకు రెండంగుళాల ముందు, ఈ మూడు చోట్ల మందం కొలవమనండి. మూడు అంకెలూ ఒకటే అయితే మిగతా పరీక్షలు ఏమి చెప్పినా ఆ అలుగు పాతదని నేను నమ్మను. క్రమంగా తగ్గితే అది కొలిమిలో పుట్టినదని అర్థం. అంతమాత్రాన పాతదైపోదు, ఎందుకంటే నేటికీ సుత్తి పట్టే కమ్మరులు అక్కడ ఉన్నారు. కానీ పట్టించుకోవలసిన కత్తి అని తెలుస్తుంది.

అలుగు ఉపరితలం చూసేటప్పుడు వెలుతురును పక్క నుంచి పడనివ్వాలి. గ్రైండర్ చక్రం వదిలిన గీతలు ఒకే దిశలో, సమాన దూరంలో ఉంటాయి. గాంగ్యా దగ్గరి లోపలి మూలల్లో చక్రం అంచు గుండ్రంగా దిగిన గుర్తు ఉంటుంది. చేత్తో సాన పట్టిన పాత అలుగు మీద గీతలు వేర్వేరు దిశల్లో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాదర, అంటే పదునుండే అంచు, మన ఇళ్లలోని పాత కొడవలిలాగే అరిగి లోపలికి పోయి ఉంటుంది. తరాల తరబడి పదును పెట్టిన క్రిస్‌లో వంకులు రెండు వైపులా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. మీ ఫొటోలోని కత్తికి వంకులన్నీ ఒకే కొలతలో ఉన్నాయి, వాదర చూస్తే ఒక్కసారి కూడా రాయి మీద పడినట్టు లేదు.

తుప్పు గురించి చాలామంది మోసపోతారు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. తుప్పు పట్టించడం ఒక వారం పని. ఆమ్లంలో ముంచవచ్చు, ఉప్పునీళ్లు చల్లి మట్టిలో పాతిపెట్టవచ్చు. అలా వచ్చిన తుప్పు నారింజ రంగులో పొడిపొడిగా ఉంటుంది, వేలికి అంటుతుంది. ముఖ్యంగా అలుగంతా ఒకే తీరున ఉంటుంది. చెక్కిన గీతల అడుగునా, పైన చదునుగా ఉన్న చోటా ఒకే లోతు గుంటలు కనిపిస్తాయి. నిజంగా వందేళ్లు ఇంట్లో ఉన్న కత్తికి నూనె రాసిన చోటు, చెయ్యి తగిలిన చోటు, ఒర మూతి దగ్గర చెమ్మ నిలిచిన చోటు వేర్వేరుగా మారి ఉంటాయి. తుప్పు ముదురు గోధుమ రంగుకో నలుపుకో తిరిగి గట్టిగా కరుచుకుని ఉంటుంది. పాత గుంటల అంచులు కూడా మళ్లీ మళ్లీ తుడవడం వల్ల మెత్తబడి ఉంటాయి. ఇత్తడి, రాగి భాగాల మీద చిలుము కూడా ఇంతే. సందుల్లో గట్టిగా ముదిరి, చెయ్యి తగిలే ఎత్తుల మీద అరిగి మెరుస్తూ ఉండాలి. సందుల్లో నల్లగా ఉన్నదంతా చిలుము అనుకోకండి. బూట్ పాలిష్ కూర్చినవి నేను రెండు మూడు చూశాను. దూదికి కొంచెం అసిటోన్ అంటించి కనపడని మూల తుడిస్తే పాలిష్ అయితే దూదికి అంటుకుని వచ్చేస్తుంది. దుకాణదారు అనుమతి అడిగే ఇవన్నీ చేయాలి.

పిడి విషయానికి వస్తే, మోరోల క్రిస్‌కూ బారోంగ్‌కూ పిడి చివర తరచుగా కకాతువా ఆకారం ఉంటుంది, అంటే తురాయి ఉన్న చిలక తల. చిన్నగా, సాదాగా ఉన్నవి సాధారణంగా పాత పద్ధతి. తురాయి, ముక్కు బాగా సాగదీసి పెద్దగా చేసినవి 19వ శతాబ్దం చివర నుంచి ఎక్కువయ్యాయి, వాటిని జుంగాయన్ అంటారు. పాత పిడిలో ముక్కు కొన విరిగి ఉండడం మామూలు. అది లోపం అని ధర తగ్గించమని అడగండి, కానీ మనసులో సంతోషించండి. పట్టు ఉన్న చోట నార అల్లికో వెండి పొన్నో (పిడికి తొడిగే లోహపు కట్టు) ఉంటుంది. వెండి పొన్ను మీద జడలా అల్లిన కట్లు ఉంటే వాటి ఎత్తులు అరిచెయ్యి తగిలే వైపే ఎక్కువ అరగాలి. చుట్టూ సమానంగా అరిగి ఉంటే అది మనిషి చేతిలో అరిగిన అరుగుదల కాదు.

క్రిస్‌లో ఇంకో చిన్న భాగం ఉంది, దాన్ని అసాంగ్-అసాంగ్ అంటారు. గాంగ్యాను పట్టుకుని పిడిలోకి దిగే పట్టీ లాంటి బిగింపు ఇది. రాగి, ఇత్తడి లేదా వెండితో చేస్తారు. దీని పని గాంగ్యాను, అలుగును, పిడిని కదలకుండా కట్టి ఉంచడం. పాతవాటిలో రెండు పక్కలా రెండు ఉండడం చూస్తాం, తర్వాతివాటిలో ఒకటే ఉంటుంది. అలంకారానికి చేసిన కత్తుల్లో ఇది అసలు ఉండదు, లేదా బయట అంటించిన రేకు ముక్కగా ఉంటుంది. మీ ఫొటోల్లో లేదు.

పిడిని అలుగుకు అతికించడానికి పాతవాళ్లు చెట్ల జిగురు వాడేవాళ్లు. మన కమ్మరులు కొడవలి పిడికి లక్క పోసినట్టే. ఎండిన జిగురు గోధుమ రంగులో పెళుసుగా ఉంటుంది. తెల్లగానో లేత పసుపుగానో రబ్బరులా సాగేది ఎపాక్సీ. అలాగే అల్యూమినియం ఎక్కడ కనిపించినా అది చాలామటుకు యుద్ధం తర్వాతి పని అనుకోవాలి. యుద్ధంలో కూలిన విమానాల తునకలు ఆ రోజుల్లో అక్కడి పనివాళ్లకు సులువుగా దొరికాయి. ఒర మీద నక్షత్రం గంటు ఉన్న స్క్రూలు, నైలాన్ తాడు, మెరిసే వార్నిష్ కనిపిస్తే వివరించాల్సిన అవసరమే లేదు. పాత ఒర రెండు చెక్క పలకలను కలిపి పేముతో కట్టినది. దాని మూతి లోపలి అంచున, అలుగు వేలసార్లు దూసిన వైపు, కోత పడి ఉంటుంది. టార్చి వేసి లోపలికి చూడండి. బయట ఎంత చక్కగా ముసలితనం పూసినా లోపల కొత్త చెక్క తెల్లగానే ఉంటుంది.

మీ క్రిస్‌కు ఇత్తడి పిడి, అలుగు మీద పైపైన గీసిన నాగు బొమ్మ, ఒర నిండా ముత్యపు చిప్ప పొదుగు ఉన్నాయి. ఇవన్నీ కలిపి చూస్తే లనావో సరస్సు ఒడ్డున ఉన్న తుగాయా ఊరి పనితనాన్ని గుర్తు చేస్తోంది. మరనావోల ఇత్తడి పోతకూ, చెక్క చెక్కడానికీ, చిప్ప పొదుగుకూ ఆ ఊరు పేరు. వాళ్ల తీగల అల్లిక నమూనాలను ఓకిర్ అంటారు. ఆ చేతిపని అంటే నాకు నిజమైన గౌరవం. అది నకిలీ కాదు. ఆ ఊరి పనివాడు దాన్ని కొత్త వస్తువుగానే చేశాడు, అందంగా చేశాడు. దానికి 200 ఏళ్లు తగిలించింది మధ్యలో అమ్మినవాడు. 2017లో పక్కనే ఉన్న మరావి పట్టణంలో మే నుంచి అక్టోబరు దాకా యుద్ధం జరిగింది, లక్షల మంది ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. ఆ ప్రాంతపు పనివాళ్లకు ఒక అలంకార వస్తువు అమ్ముడవడం కూడా పెద్ద విషయమే. మీకు ఆ క్రిస్ నచ్చితే కొత్త వస్తువు ధరకు, కొత్త వస్తువని తెలిసి కొనండి. అందులో తప్పేమీ లేదు.

ఇక్కడే ఒక సంగతి తేల్చుకోవాలి. పాతది, అసలైనది అన్న రెండు మాటలనూ మనం ఒకటే అన్నట్టు వాడేస్తాం. 1950ల్లో సులు దీవుల్లోని హోలోలో ఒక కమ్మరి, మనిషి మొలకు కట్టుకోవడానికి చేసిన బారోంగ్ పురాతన వస్తువు కాదు, కానీ పూర్తిగా అసలైనది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి కమ్మరులు జీపుల, లారీల కమాన్ పట్టీలను సాగదీసి కత్తులు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఉక్కు మంచిది, పదును నిలబెడుతుంది. కొందరు సేకర్తలు కమాన్ పట్టీ అనగానే ముఖం తిప్పుకుంటారు, నేను ఒప్పుకోను. నేను రోజూ చూసుకుని మురిసే కత్తుల్లో అలాంటిది ఒకటి ఉంది. అలాగే పాత అలుగుకు 1960ల్లో కొత్త పిడి వేయించిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చెక్క పుచ్చిపోతుంది, పేము తెగుతుంది, వాడే వస్తువుకు మరమ్మతు జరుగుతుంది. కాబట్టి అలుగు వయసు వేరుగా, పిడి వయసు వేరుగా, ఒర వయసు వేరుగా చూడాలి. మూడింటికీ ఒకే అంకె చెప్పే అమ్మకందారును కొంచెం అనుమానించండి.

లోహం లోపలి సంగతి తెలుసుకోవడానికి ఆమ్లం పరీక్ష ఉంది. ఇది కొన్న తర్వాత, మీ సొంత కత్తి మీద మాత్రమే చేయాలి. అలుగును అసిటోన్‌తో తుడిచి జిడ్డు పోగొట్టి, గోరువెచ్చని వెనిగర్ దూదితో రాస్తూ ఐదు పది నిమిషాలు చూస్తే లోహం రంగు మారుతుంది. వేర్వేరు ఇనుము, ఉక్కు పొరలు మడిచి కొట్టిన పాత అలుగు అయితే చెక్కలోని ఈనెల్లాంటి గీతలు పైకి తేలతాయి. పదును పట్టించిన వాదర వేరే రంగు పట్టీలా కనిపిస్తుంది. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి నూనె రాయాలి. ఫ్యాక్టరీ ఉక్కు అయితే అంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది. అలా ఉన్నంత మాత్రాన కొత్తదని కొట్టిపారేయకండి, బయటి దేశాల ఉక్కు అక్కడికి చాలా ముందే చేరింది.

ఈ గీతలు చూసి మన కోనసముద్రం ఉక్కుతో కలిపేసుకునేవాళ్లు ఉన్నారు, నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కు వేరు. దాని మీద కనిపించే నీటి అలల్లాంటి నమూనా ఉక్కు చల్లారేటప్పుడు లోపలే ఏర్పడుతుంది. మోరో కమ్మరి నమూనా పొరలు కలిపి కొట్టగా వచ్చింది. రెండూ గొప్పవే, దారులు వేరు.

మరి ఏది ఏ కాలానిదో ఎలా తెలిసింది అని మీరు అడగవచ్చు. దీనికి ఆధారం విచారకరమైన చరిత్రలో ఉంది. 1899 నుంచి 1913 దాకా అమెరికా సైన్యం అక్కడ యుద్ధాలు చేసింది. 1906 మార్చిలో బుద్ దాహోలో, 1913 జూన్‌లో బుద్ బగ్సాక్‌లో పిల్లలతో సహా వందల మంది మోరోలు చనిపోయారు. మధ్యలో 1911లో అప్పటి గవర్నర్ జాన్ పెర్షింగ్ ఆయుధాలన్నీ అప్పగించమని ఆజ్ఞ ఇచ్చాడు. అలా వేల కత్తులు సైనికుల పెట్టెల్లో అమెరికా చేరాయి. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనకు కూడా చాలా వస్తువులు వెళ్లాయి. ఎప్పుడు సేకరించారో రాసి ఉన్న ఈ వస్తువులే మనకు కొలబద్ద. ఉదాహరణకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జార్జ్ కామెరాన్ స్టోన్ ఇచ్చిన ఆయుధాల సేకరణ ఉంది, అది 1935లో వీలునామా ద్వారా వచ్చింది. అందులోని ఏ క్రిస్ అయినా 1935కు ముందుదే అని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫొటోలు ఉచితంగా చూడవచ్చు. రెండు మూడు రాత్రులు కూర్చుని ఆ ఫొటోలు చూడండి. నేను ఇక్కడ ఎంత రాసినా మీ కంటికి ఆ అలవాటు ఇవ్వలేను.

మోరోలవే కాక ఫిలిప్పీన్స్ మధ్య భాగమైన విసాయాస్, ఉత్తర భాగమైన లుజాన్ ప్రాంతాల కత్తులు కూడా ఆ దుకాణాల్లో ఉంటాయి. వాటి లెక్క వేరు, ఒక్క మాటలో చెబుతాను. పనాయ్, సామార్, లేయ్టే వైపు కత్తుల్లో చాలావాటికి ఒక ముఖం చదునుగా ఉండి రెండో ముఖానికే పదును వాలు ఉంటుంది, మన ఉలిలా. రెండు వైపులా సమానంగా గ్రైండ్ చేసినవి చూస్తే ఆగి ఆలోచించండి. అలుగు మీద 1945 అనీ సైనికుడి పేరు అనీ చెక్కి ఉంటే అది అమెరికన్ సైనికులకు జ్ఞాపికగా అమ్మినది. అది కూడా ఇప్పుడు 80 ఏళ్ల వస్తువు. ఇక చెక్క డాలు మీద చిన్న చిన్న కత్తులు బిగించి అమ్మేవి పూర్తిగా గోడ అలంకారాలు.

ఏనుగు దంతం పిడి అని ఎవరైనా చెబితే దూరంగా ఉండండి. నిజమైన దంతానికి అడ్డంగా కోసిన చోట ఒకదాన్ని ఒకటి కోసుకునే సన్నటి వంపు గీతలు ఉంటాయి, ప్లాస్టిక్ రెసిన్‌కు ఉండవు. కానీ నిజమైనదైతే ఇంకా పెద్ద చిక్కు, అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సరిహద్దు దాటించడం నేరం అవుతుంది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2013లో తన దగ్గరున్న టన్నుల కొద్దీ దంతాన్ని నాశనం చేసింది, వాళ్లు ఈ విషయంలో గట్టిగా ఉన్నారు. దంతం లేకపోయినా, నిజంగా పాత వస్తువైతే 2009 నాటి జాతీయ సాంస్కృతిక వారసత్వ చట్టం కింద దేశం దాటించడానికి అనుమతి కావాలి. మనీలాలోని నేషనల్ మ్యూజియంను ముందే సంప్రదించాలి. మన వైపు ఆయుధాల చట్టం, కస్టమ్స్ ఉన్నాయి. చదువుకునే పిల్ల సామానులో కత్తి పెట్టుకుని విమానాశ్రయంలో ఇబ్బంది పడకూడదు. కాగితాలు రెండు వైపులా సరిగ్గా ఉన్నాయని తేలాకే డబ్బు చేతులు మారాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కుటుంబాలు వంశపారంపర్యంగా వచ్చిన కత్తిని పుసాకా అంటారు. అప్పులకో, గొడవల్లో ఊరు వదలాల్సి వచ్చో అమ్ముకున్నవి దుకాణాలకు వస్తాయి. ఎక్కడిది, ఎవరిది అని అమ్మాయి మర్యాదగా అడిగితే కొన్నిసార్లు నిజమైన సమాధానం వస్తుంది. ఊరి పేరు, ఇంటి పేరు తెలిస్తే రాసి ఉంచండి. సుల్తాన్ పేరు చెప్పేవాడి కన్నా, బసిలాన్‌లో ఒక రైతు దగ్గర కొన్నాను అని చెప్పేవాడి మాటే నాకు ఎక్కువ నమ్మకం.

ఇప్పుడు మూడో ఫొటోలోని ఆ నల్లటి కత్తి. అది బారోంగ్. మనీలాలో బారోంగ్ అంటే చొక్కా అనుకుంటారు, సులు వైపు బారోంగ్ అంటే ఆకు ఆకారపు కత్తి. టౌసుగ్‌ల ఇష్టమైన ఆయుధం ఇది. ఫొటోలో మసకగా ఉన్నా వెన్ను పిడి దగ్గర మందంగా ఉండి ముందుకు సన్నబడుతున్నట్టు కనిపిస్తోంది. కకాతువా ముక్కు విరిగి ఉంది. పొన్ను నల్లబడింది, అది వెండి కావచ్చు. వాదర మధ్యలో కొద్దిగా లోపలికి అరిగింది. దాని ధర గురించి మీరేమీ రాయలేదు, దుకాణదారు కూడా దాన్ని పట్టించుకున్నట్టు లేడు.

ఇంత చూసి పాతదని తీర్పు చెప్పలేను. అమ్మాయిని ఈసారి వెళ్లినప్పుడు దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయమనండి. వెన్ను పైనుంచి పిడి నుంచి మొన దాకా కనిపించేలా ఒకటి, పొన్నూ అలుగూ కలిసే చోటు దగ్గరగా రెండు వైపుల నుంచి, పిడి చివర, వాదర మీద వెలుతురు పక్కగా పడేలా ఒకటి. మూడు చోట్ల మందం కొలిచి అంకెలు రాయాలి. మ్యాగ్నెట్ ఉంటే పొన్నుకు తగిలించి చూడాలి, అంటుకుంటే అది వెండి కాదు. వెనిగర్, నిమ్మకాయ, ఇసుక కాగితం ఏవీ దాని దరిదాపులకు రానివ్వకండి, దుకాణదారు శుభ్రం చేసి ఇస్తానన్నా వద్దనండి. వాదర ఎంత మొద్దుగా కనిపించినా వేలు పెట్టి చూడవద్దని మరీ మరీ చెప్పండి. ఆ ఫొటోలు, అంకెలు ఇక్కడే పెట్టండి, వచ్చిన రోజే చూస్తాను.